లైనులో దొంగ

మా మామగారు ఉద్యోగమంతా గిడ్డంగి తాళాలతోనే గడిపారు. ఇప్పటికీ తలుపుకు తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తారు. వీధిలో పిల్లలు చాటుగా ఆయన్ని అనుమానప్పక్షి అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ముందు ఎవరన్నారో కూడా ఆరా తీశారు.

అలాంటి ఇంట్లో నేను వెనక గదిలో కంప్యూటరు పెట్టుకుని, డాక్టర్లు టేపుల్లో చెప్పిన రిపోర్టులు టైపు చేసే పని మొదలుపెట్టాను. టైపు చేసినవి మోడెమ్ పెట్టి టెలిఫోను లైను మీద ఆఫీసుకు పంపాలి. ఇంటికంతా ఒకటే లైను, ఫోను హాల్లో ఉంటుంది. మధ్యలో లైను తెగితే కంప్యూటరు దానంతటదే ఆగి, మళ్ళీ మొదలై, డయల్ చేసి, మొదటి పేజీ నుంచి పంపేలా మా మరిది ఒక ప్రోగ్రాం రాసిపెట్టాడు.

"ఇక నువ్వు కాపలా కూర్చోనక్కర్లేదు వదినా" అన్నాడు.

మామగారు గుమ్మంలోనే నిలబడ్డారు. "మనిషి లేకుండా దానంతటదే లేచి ఫోన్ చేస్తుందా? ఎవరికి చేస్తోందో చూశావా?"

"ఆఫీసుకే మామయ్యగారూ."

"చూశావా అని అడుగుతున్నాను."

వారమంతా పంపుతూనే ఉన్నాను, ఆఫీసుకు ఒక్క రిపోర్టూ చేరలేదు. చివరికి అక్కడి సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసి, ఈ సాయంత్రం అయిదుకల్లా రాకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానంది. అది నా మొదటి ఉద్యోగం. పోతుందంటే ఏడుపొచ్చింది.

మా ఇంట్లో అనుమానం అంటువ్యాధి. ముందు మరిది ప్రోగ్రాంని అనుమానించాను, తర్వాత లైన్‌మన్‌ని. ఆ పని తన చెల్లెలికి ఇప్పించుకోవాలని సూపర్‌వైజరమ్మే నాటకమాడుతోందేమో అని కూడా అనుకున్నాను.

మధ్యాహ్నం సగం పేజీలు వెళ్ళాక తెర నల్లబడింది. కంప్యూటరు మళ్ళీ లేచి డయల్ చేసింది, కాసేపటికి మళ్ళీ నల్లబడింది. మరిదిని నిలదీద్దామని హాల్లోకి వచ్చాను. మామగారు రిసీవరు చెవికి ఆనించుకుని, మాట్లాడే వైపు అరచేత్తో మూసి పట్టుకున్నారు.

"ష్. దొరికాడు" అన్నారు.

"ఎవరు?"

"మన లైను ఎవడో వాడుతున్నాడమ్మాయ్. నేను ఎత్తగానే కీచుమని అరిచి మాయమైపోతాడు. కాసేపాగి ఎత్తితే మళ్ళీ ఉంటాడు. వారం నుంచి చూస్తున్నాను, ఎంత తరిమినా తిరిగొస్తాడు."

వెనకే వచ్చిన మరిది పడీపడీ నవ్వాడు. "కంచే చేను మేయడమంటే ఇదే నాన్నా. ఆ అరుపు మోడెమ్‌ది. నువ్వు ఎత్తినప్పుడల్లా లైను తెగుతోంది."

మామగారు రిసీవరు మెల్లగా పెట్టేశారు. "అంటే దొంగను నేనేనా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ, ఆ ముఖం చూశాక వెనక గదిలోకి వెళ్ళి మళ్ళీ మొదటి పేజీ నుంచి పంపడం మొదలుపెట్టాను.

ఆయన కుర్చీ లాక్కుని ఫోను పక్కన కూర్చున్నారు. పక్కింటాయన ఫోన్ చేసుకోవడానికొస్తే, "లైను మా కోడలి పనిలో ఉంది, తర్వాత రండి" అన్నారు. అంతకుముందు దాన్ని పని అనలేదు, టకటకలనేవారు. నాకు పట్టలేనంత సంతోషమైంది.

అయిదు కావస్తుండగా బయటికొచ్చాను. "అన్నీ వెళ్ళాయి మామయ్యగారూ."

"అందాయని ఎవరు చెప్పారు?"

"కంప్యూటరు."

"అది మనింట్లోది. దాని మాటేమిటి? నంబరు చెప్పు."

ఆయనే డయల్ చేశారు. "మా కోడలు రిపోర్టులు పంపింది, అందాయా? చూడకుండా చెప్పకండి, నేనాగుతాను... అన్నీ వచ్చాయా? అయితే చివరి పేజీలో చివరి వాక్యం చదవండి." విని, ఆ వాక్యం నాకు చెప్పి, నా ముఖంలోకి చూశారు. అదేనని తలూపాను.

"సరేనమ్మా. ఇప్పుడు మీ పేరు చెప్పండి. రేపు అందలేదంటే ఎవరిని అడగాలో మాకు తెలియాలి."