ఫస్ట్ షిఫ్టుకు ఎవరు దిగిండ్రు?

మొన్న ఆదివారం మధ్యాహ్నం పప్పుకు పోపు పెడుతుంటే బసంత్‌నగర్ నుంచి నాతో చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసింది. "ఫిజిక్స్ సారు పోయిండ్రంటనే" అంది. పోపు మాడిపోయింది. మాకు ఫిజిక్స్ చెప్పినవాళ్లు వేరేవాళ్లూ ఉన్నారు గానీ, ఫిజిక్స్ సారంటే మా ఇద్దరికీ ఆయనొక్కరే.

డెబ్బైల మొదట్లో మా గోదావరిఖని వైపు కొత్తగా సర్కారు కాలేజీ పెట్టారు. పైన రేకులు. ఎండాకాలం పెనం మీద కూర్చున్నట్టే. క్లాసులో సగానికి పైగా గని కార్మికుల పిల్లలం. సారు మెదక్ దిక్కు క్రైస్తవ కుటుంబం. అరవైలలో నగరంలోని ఒక మిషన్ కాలేజీలో చదివి, అక్కడే కొన్నేళ్లు పాఠాలు చెప్పి మా దగ్గరికి వచ్చారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట సుద్దముక్క ఉండేది. లెక్క తప్పి మేం కంగారుపడితే, "జల్ది ఏంది బిడ్డా? భూమ్యాకర్షణ ఏడికీ పోదు, నిమ్మళంగ చెయ్యి" అనేవారు.

మొదటిరోజు ఆయన చేసిన పొరపాటు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మిషన్ కాలేజీలో ప్రార్థన లేనిదే పాఠం మొదలుకాదట. ఆ అలవాటుకొద్దీ క్లాసులోకి రాగానే సారు తలవంచి, కళ్లు మూసుకుని నిలబడిపోయారు. పైకి ఒక్క మాట లేదు. మేమందరం గబగబా లేచాం. బొగ్గు ఊళ్లలో జనం అట్లా తలవంచుకుని నిలబడ్డారంటే ఒకటే అర్థం. వెనక బెంచీలోంచి శ్రీరాంపూర్ అబ్బాయి అడిగాడు: "సార్, ఎవరు పోయిండ్రు? ఏ బాయిల?" బాయి అంటే మాకు బొగ్గుగని.

సారు కళ్లు తెరిచి మా ముఖాలు చూశారు. "ఎవరూ పోలే బిడ్డా. కూసోండ్రి" అని జేబులోంచి సుద్దముక్క తీశారు.

మళ్లీ ఆయన క్లాసులో తలవంచలేదు. మర్నాడు వస్తూనే, "ఫస్ట్ షిఫ్టుకు ఎవరింట్ల ఎవరు దిగిండ్రు?" అని అడిగారు. చేతులు లేచాయి. మా నాయన, మా అన్న, మా బావ అని చెప్పాం. అందరిదీ విని, "మంచిది. వాళ్లు కింద పని చేస్తున్నరు, మనం పైన చేద్దాం" అని బోర్డు వైపు తిరిగారు. ఇక రోజూ అంతే. పొద్దున నాయన డబ్బా పట్టుకుని డ్యూటీకి పోయినప్పటి నుంచి గుండెల్లో మోసే భయం, ఆ ఒక్క మాట చెప్పాక కాస్త దిగేది. అప్పుడు గానీ పాఠం తలకెక్కేది కాదు.

మా ఎకనామిక్స్ సారుకు ఇది మింగుడుపడలేదు. దేవుడి పేరెత్తితే కస్సుమనే మనిషి ఆయన. అయినా ఇద్దరూ ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పేవారు. వాళ్ల వాదులాట వినడానికే మేము వరండాలో తచ్చాడేవాళ్లం.

"కాలేజీ పని బుద్ధికి పదును పెట్టుడు. ఇల్లు, దేవుడు గడప అవతలనే ఉండాలె" అనేవారు ఎకనామిక్స్ సారు.

"తలకాయ ఒక్కటే నడిచొస్తదా సారూ? దానెంబడి ఇల్లంత వస్తది" అనేవారు మా సారు. "మా మిషన్ కాలేజీల పొద్దుగాల ప్రార్థన, పగలు పాఠం, సాయంత్రం దవాఖానల రోగుల సేవ. మనిషిని ముక్కలు చేసి చూడకపోయేది."

"ఒప్పుకుంట. గాని ఆ మనిషి మీ దేవుని గడప తొక్కినంకనే లోపలికి రావాలె గద? ఈడ ఏ గడప తొక్కి వచ్చినవు అని ఎవరూ అడగరు."

మా సారు ముద్ద నములుతూ ఆలోచించి, "అది నిజమే" అన్నారు. ఎదుటివాడి మాటలో నిజముంటే అంత తేలిగ్గా ఒప్పుకున్న పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇంతలో, సర్కారు కాలేజీలో ప్రార్థన చేయిస్తున్నారని ఎవరో ప్రిన్సిపాల్ చెవిన వేశారు. నిజమైతే సారుకు బదిలీ తప్పదన్నారు. క్లాసులో కూర్చుని చూసి చెప్పమని ప్రిన్సిపాల్ పంపింది ఎవరినో కాదు, ఎకనామిక్స్ సారునే. ఇక మా సారు మాకు దక్కరనుకున్నాం.

ఆ రోజు ఎకనామిక్స్ సారు వెనక బెంచీలో కూర్చున్నారు. ఈ ఒక్కరోజు అడగకుంటే బాగుండునని నేను మా సారు ముఖమే చూస్తున్నాను. ఆయన ఎప్పటిలాగే అడిగారు. బెదురుతూనే చేతులెత్తి ఒక్కొక్కరం చెప్పాం. అందరిదీ అయ్యాక వెనక నుంచి పెద్ద గొంతు వినిపించింది.

"మా తమ్ముడు."

తిరిగి చూస్తే ఎకనామిక్స్ సారు చెయ్యి పైకి లేచి ఉంది. ఆయన తమ్ముడు గనిలో పనిచేస్తాడని మాలో ఎవరికీ తెలియదు. మా సారు మాత్రం అందరికీ అన్నట్టే "మంచిది" అని బోర్డు వైపు తిరిగారు.

"అది ప్రార్థన కాదు, హాజరు" అని ప్రిన్సిపాల్‌కు చెప్పారట ఎకనామిక్స్ సారు. బదిలీ మాట మళ్లీ వినబడలేదు. మేం ఆ సంగతి మోసుకొస్తే మా సారు పకపకా నవ్వారు. "ప్రార్థనంటే నేను గూడ గదే అనుకుంటున్న బిడ్డా" అన్నారు.

ఆయన ఏ ఆదివారమూ చర్చి మానలేదు, మమ్మల్ని ఏనాడూ రమ్మనలేదు. తర్వాత నేనూ చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. అంత పెద్ద పని అంత చిన్న ప్రశ్నతో ఎట్లా చేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆయన దగ్గర చదువుకోవడం నా అదృష్టం.

ఎకనామిక్స్ సారు మళ్లీ మా క్లాసులో కూర్చోలేదు. తమ్ముడిది ఫస్ట్ షిఫ్టు అయిన వారాల్లో మాత్రం, చంకలో పుస్తకాలతో తన క్లాసుకు పోతూ మా గుమ్మం దగ్గర ఆగేవారు. లోపలికి రారు, మాట్లాడరు. ఒకసారి చెయ్యెత్తేవారు. "మంచిది" అనేవారు మా సారు. అప్పుడు ఆ చెయ్యి దించుకుని వరండా వెంట నడిచి వెళ్లిపోయేవారు.