దూడకు కరోనా అని చాటింది నేనే

గుజరాత్‌లోని భేస్తాన్‌లో మా వెనక వీధిలో ఒక పెద్దమ్మ బర్రెలను పెంచేది. మగ్గాల మీద పనిచేసే మా తెలంగాణ కుటుంబాల చాయ్‌కి ఎక్కువగా ఆ పాలే. నేను అప్పుడే చదువు ముగించి పశువుల డాక్టరునయ్యాను. వీధిలో ఎవరైనా "డాక్టర్ సాబ్" అని పిలిస్తే, పనేమీ లేకపోయినా మళ్లీ అటునుంచే నడిచి వచ్చేవాణ్ణి.

లాక్‌డౌన్‌లు ముగిసినా మాస్కులు ఇంకా మెడల్లో వేలాడుతున్న చలికాలం అది. పెద్దమ్మ ఇంట్లో పుట్టిన దూడ ఒకటి, ఇంకా వారాల పసిది, విరేచనాలతో పారడం మొదలుపెట్టింది. నేను వెళ్లేసరికి కళ్లు లోపలికి పోయి, చెవులు చల్లబడి, గోనెసంచి మీద పడి ఉంది.

"జర చూడు బిడ్డా. పొద్దుగాల నుంచి తల్లి దిక్కు గూడ చూస్తలేదు," అంది పెద్దమ్మ.

మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోలేదు. ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయన్నమాట. సెలైన్ ఎక్కించాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. చిన్న దూడల విరేచనాలకు వైరస్‌లు పెద్ద కారణమని, ఇది కచ్చితంగా రోటా వైరస్ పనేనని వాకిట్లో ఉపన్యాసం ఇచ్చి, పేడ పరీక్షకు పంపాను.

మర్నాడు సాయంత్రం జనం పాలకోసం గిన్నెలు పట్టుకుని నిలబడ్డ వేళ ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. రోటా కాదట. నా గొంతు మామూలుగానే పెద్దది.

"పెద్దమ్మా, తెలిసిపోయింది. దూడకు కరోనా."

గిన్నెలన్నీ వెనక్కి జరిగాయి. మాస్కులు ముక్కుల మీదికి ఎక్కాయి.

"భయపడకుండ్రి. ఇది ఆ కరోనా కాదు, వేరేది," అన్నాను. వెనకున్న గుజరాతీ పెద్దాయన కోసం అదే హిందీలో చెప్పాను. ఆయన పక్కవాళ్లకు కొత్త రకం కరోనా వచ్చిందని చెప్పాడు. ఇది పశువుల పేగులకు పట్టేదని, మనుషులకు అంటుకునేది కాదని నేను వివరించేకొద్దీ వాకిలి ఖాళీ అవుతోంది.

"నువ్వు జర చుప్ గుండు బిడ్డా," అని పెద్దమ్మ జనం వైపు తిరిగింది. "ఏంది గట్ల ఉరుకుతున్రు? వీడు నిన్నటి సంది దాని పేడలనే ఉన్నడు. వీనికేమన్న అయిందా?"

అందరూ ఆగి నన్ను చూశారు. సరిగ్గా అప్పుడే, గడ్డి దుమ్ముకు, నాకు తుమ్ము వచ్చింది.

ఆ పూట పాలన్నీ పెద్దమ్మ కోవా చేసింది. తినడానికి నేనొక్కణ్ణే ఉన్నాను.

ఆ వైరస్‌ను చంపే మందు లేదు. దూడ తట్టుకునేదాకా ఒంట్లో నీళ్లు తగ్గకుండా, చలి తగలకుండా చూసుకోవాలి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పడుతూ, మధ్యలో తల్లిపాలు తాగిస్తూ ఇద్దరం దాన్ని కాచుకున్నాం. మెల్లగా పేడ గట్టిపడింది. ఒక ఉదయం అది లేచి తల్లి పొదుగును తలతో కుమ్మింది. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకుని, దుమ్మని చెప్పాను.

జనమూ తిరిగి వచ్చారు. నా వివరణ విని కాదు, ప్యాకెట్ పాల చాయ్ తాగలేక.

మా అమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. చాలా రోజులు నా కంచం గడప బయటే పెట్టింది.

"అమ్మా, నేను డాక్టర్ని," అన్నాను.

"దూడల డాక్టర్‌వే గదా. ఆడ్నే కూసొని తిను," అని లోపలికి పోయింది.