రూతు పెట్టెలో చోటు దొరకని బొంత

ఇరవై రెండేళ్ళ రూతు ఇక లేదన్న దుర్వార్త మా ఇంటికి ఉదయం పూట వచ్చింది. డాబా మీద మిరపకాయలు ఆరబోసుకుని కూర్చుని ఉండగా, జార్జియా దేశంలో డాక్టరు కోర్సు చదువుతున్న మా మనవరాలు సింధు ఫోను చేసింది. రూతు, సింధు నాలుగేళ్ళుగా ఒకే గదిలో ఉంటూ ఒకే తరగతిలో చదువుతున్నారు. ఆ రోజు రూతు ముందుగా కాలేజీకి బయలుదేరి రోడ్డు దాటుతుంటే, మంచు మీద అదుపు తప్పిన కారు వచ్చి కొట్టిందట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట. ఏడుపు మధ్య సింధు ఈ నాలుగు ముక్కలే చెప్పగలిగింది. నేను అడిగిన మొదటి మాట ఇది:

"నువ్వు బాగానే ఉన్నావా? నీకేం తగల్లేదుగా?"

"నేను రూములోనే ఉన్నా నాయనమ్మా."

"హమ్మయ్య," అన్నాను.

ఆ మాట అంత దూరానికీ స్పష్టంగా వినపడింది. సింధు ఫోను పెట్టేసింది. అలా అన్నందుకు సిగ్గుపడుతున్నాను. నేను సిగ్గుపడవలసింది అదొక్కటే అయితే ఈ వ్యాసం ఇక్కడితో ముగిసేది.

రూతుతో చదువుకున్న పిల్లలు ఆమె జ్ఞాపకార్థ కూడికలో పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో నన్నూ రాయమన్నారు. రూతు వాళ్ళందరికీ నా గురించి గొప్పగా చెప్పిందట. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరదోషాలు సింధు దిద్దింది. విషయంలో మాత్రం దాన్ని ఒక్క ముక్క కూడా మార్చనివ్వలేదు.

రూతుది ముప్పాళ్ళ దగ్గర పల్లె. తండ్రి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆమె ఇంటర్ చదివే రోజుల్లో కాలం చేశారు. తల్లి కరుణమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కూతుర్ని డాక్టరును చెయ్యాలన్నది భర్త కోరిక కనుక, ఉన్న పొలం అమ్మి పంపింది. మా నరసరావుపేట నుంచి వెళ్ళిన సింధుకూ రూతుకూ విమానంలోనే పరిచయమైంది. ఒకే జిల్లా పిల్లలు కావడంతో గది కలిసి తీసుకున్నారు.

మా సింధుకు పొయ్యి వెలిగించడం కూడా రాదు. ఆ ఇంట్లో వంట రూతుది, గిన్నెలు సింధువి. చింతపండు దొరకని ఊళ్ళో, అక్కడి వాళ్ళు ఒక పుల్లటి పండుతో చేసి సీసాల్లో అమ్మే రసం పోసి పప్పు వండేదట. ఆదివారం ఉదయం ప్రార్థన చేసుకుని, మధ్యాహ్నం వారానికి సరిపడా ఉల్లిపాయలు తరిగి పెట్టేదట. తరుగుతూనే పాఠం చెప్పేదట. నిద్రపోతున్న సింధును లేపే తీరు వేరు. "లేవే. ఎముకలు రెండొందల ఆరు. నువ్వు నిన్న నూటపది దగ్గర పడుకున్నావు. మిగతావి ఎవరు చదువుతారు, మీ నాయనమ్మగారా?" అనేది. "గారు ఏందే, నాయనమ్మ అను చాలు," అని సింధు నవ్వితే, "ఆవిడ నీకు నాయనమ్మ. నాకు గారే," అనేదట. ఆ మాటలో ఎంత అర్థముందో సింధుకు ఈ మధ్యనే తెలిసింది. నాకు మాత్రం ఆమె నన్ను గారూ అని పిలిచినప్పుడే తెలుసు.

వాళ్ళ కింది అంతస్తులో ఒంటరిగా ఒక ముసలావిడ ఉండేది. లిఫ్టు పనిచెయ్యని రోజుల్లో ఆమె రొట్టెల సంచీ రూతు మోసుకొచ్చేది. ఆమె దగ్గరే మెట్ల మీద కూర్చుని ఆ దేశపు భాష నేర్చుకుంది. ఆసుపత్రి తరగతుల్లో రోగులతో వాళ్ళ భాషలో మాట్లాడగలిగిన పిల్లలు తక్కువ, వాళ్ళలో రూతు ఒకతె. "తెలవదని చెప్పడానికి సిగ్గుపడకూడదు. మనం సిగ్గుపడితే నొప్పి పడేది రోగి," అని తోటి పిల్లలతో అనేదట. ఆమె పోయిన రోజున ఆ ముసలావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, రూతు మంచం మీద సాయంత్రం దాకా కూర్చుందట. మన భాష రాని, మన దేశం చూడని మనిషి.

నా విషయానికి వస్తే, ఈ రోజు నేను రెండు కాళ్ళ మీద నడుస్తున్నానంటే అది రూతు చలవ. పోయిన ఏడాది పొలంలో ముల్లు గుచ్చుకుని కాలివేలు పుండు పడింది. నాకు షుగరుంది. డాక్టరు దగ్గరికి పోతే ఊరికే ఖర్చని పసుపు పెట్టుకుని తిరుగుతున్నాను. ఒకరోజు సింధుతో వీడియోలో మాట్లాడుతుంటే, వెనకాల పుస్తకం తీసుకోవడానికి వచ్చిన రూతు నా కాలు చూసింది.

"నాయనమ్మగారూ, ఆ వేలు చూపించండి. ఫోను దగ్గరగా పెట్టండి. ఇంకా దగ్గరగా."

"నీకేందే పిల్లా, పసుపు పెట్టాగా. అదే మానిద్ది."

"పసుపు కూరలో వేసుకోండి. రంగు మారింది చూడండి. ఈ పూటే చూపించుకోవాలి."

"చదువు అవకముందే డాక్టరమ్మవి అయ్యావే."

"అవలేదు కాబట్టే పంపిస్తున్నా. అయితే నేనే కోసేదాన్ని."

నేను పోనని మొండికేస్తే, సింధు ఫోనులోంచే మా అబ్బాయికి చెప్పి ఆ పూటే నన్ను ఆసుపత్రికి పంపించింది. మరో నాలుగు రోజులు ఆగితే కాలు తీయాల్సి వచ్చేదని అక్కడి డాక్టరు అన్నారు. రూతు నెలరోజులపాటు పొద్దున్నే కట్టు ఫొటో పంపమని అడిగి చూసేది. నేను ఆమెకు ఒక్క కృతజ్ఞతావాక్యం కూడా చెప్పలేదు. సింధుతో మాత్రం, "ఆ పిల్లకి చురుకు చానా ఉందే," అన్నాను. అదే పెద్ద మెచ్చుకోలు అనుకున్నాను.

ఇక రాయక తప్పనిది రాస్తాను. పచ్చడి జాడీలో ఎవరి చెయ్యి పడుతుందో చూసుకోవాలన్నది మా అత్తగారి దగ్గర నేను నేర్చుకున్న పద్ధతి. మా ఇంట్లో కూలివాళ్ళకు పచ్చడి వెయ్యాలంటే ఆకులో వేసి ఇవ్వడమే, జాడీ గదిలోకి రానిచ్చేది లేదు. మా కులం కాని వాళ్ళ విషయంలో అది ఇంకా గట్టి. సింధు వెళ్ళిన మొదటి ఏడాది, నేను పంపిన ఆవకాయ అందిన రోజున వీడియోలో సింధు కంచం చూపించమన్నాను. రోజూ అలాగే చూపించమంటాను, సరిగ్గా తింటున్నదో లేదోనని. ఆ రోజు అన్నాను: "ఆ సీసా నీ ఒక్కదానికే. ఆ పిల్లని చెయ్యి పెట్టనీయమాక. వాళ్ళు ప్రార్థనోళ్ళు, మనకీ వాళ్ళకీ కుదరదు."

రూతు ఆ గదిలోనే ఉంది. నాకు తెలుసు. వినపడాలనే కొంచెం గట్టిగా అన్నాను.

ఆ రోజు నుంచి నేను ఫోను చేసినప్పుడల్లా, "బట్టలు ఆరేసి వస్తా," అని రూతు బయటికి వెళ్ళిపోయేదట. నాకు అది మంచి పద్ధతిగా అనిపించింది. సింధు పచ్చడి పెట్టబోతే, "మీ నాయనమ్మగారి మాట దాటమాకే. నాకు ఈ పప్పు చాలు," అని కంచం పక్కకు జరుపుకునేదట. బతికున్నంతకాలమూ మా సీసా మూత ఆమె తియ్యలేదు.

రెండో సంవత్సరం పూర్తయ్యాక వేసవి సెలవులకు రూతు వచ్చింది. ఒక పరీక్ష తప్పినందువల్ల సింధు అక్కడే ఉండిపోయింది. మా ప్రాంతంలో ఎవరైనా పరదేశం పోతుంటే తలా ఒక పార్సిలు ఇచ్చి పంపడం మామూలే. రూతు తిరిగి వెళ్ళే రోజున నేనే కబురు చేసి, హైదరాబాదు బస్సు ఎక్కేముందు పెట్టెతో మా ఇంటికి రమ్మన్నాను. తల్లీకూతుళ్ళు ఎండలో వచ్చారు. వరండాలోనే కూర్చోబెట్టాను. ఆవకాయ, గోంగూర, కారం, కందిపొడి, సున్నుండలు కలిపి తొమ్మిది కిలోలు తెచ్చి ముందు పెట్టాను. మిరపకాయ బస్తాలు తూచే కాటా మా కొట్టంలో ఉంది. దాని మీద పెట్టెను, నా సీసాలను కలిపి ఎక్కించాం. విమానంలో ముప్పై కిలోలకు మించి ఒప్పుకోరు. ముప్పై నాలుగు చూపించింది.

నేను ఒక కిలో కూడా తగ్గించలేదు. "నాలుగు కిలోలు ఎక్కువుంది. ఏది తీసేస్తావో నువ్వే చూసుకో," అన్నాను.

రూతు తన తల్లి వంక చూడలేదు. పెట్టె తెరిచి పుస్తకాలు పక్కకు జరిపి, అడుగు నుంచి ఒక బొంత తీసింది. తండ్రి పంచెలు, తల్లి పాత చీరలు కలిపి కరుణమ్మ ఆ వేసవి అంతా కుట్టిన బొంత అది. దాని మధ్యలో చుట్టి పెట్టిన చిన్న పచ్చడి డబ్బా కూడా తీసింది. అది తల్లి పెట్టింది. రెండూ కింద పెట్టి, నా సీసాలు ఒక్కొక్కటే పగలకుండా సర్దింది.

"అమ్మా, బొంత చలికాలానికి ఎవరైనా వస్తుంటే పంపిద్దువులే," అంది.

"దుప్పట్లు అక్కడ దొరకవా ఏంది," అన్నాను నేను. పెట్టె జిప్పు నా చేత్తోనే లాగాను.

కరుణమ్మ బొంత మడిచి చంకలో పెట్టుకుంది. కనీసం మజ్జిగ తాగి పొమ్మని కూడా అనలేదు నేను, బస్సుకు వేళవుతుందని తొందర పెట్టాను. ఆ బొంతను తీసుకెళ్ళే మనిషి తరువాత దొరకలేదు. అక్కడ సింధు అడిగితే, "బరువని నేనే వద్దనుకున్నా," అని చెప్పిందట. నా కాలికి పుండు పడింది దీని తరువాతి సంవత్సరమే.

రూతు భౌతికకాయం ఊరు చేరడానికి పదకొండు రోజులు పట్టింది. సింధు కూడా అదే విమానంలో వచ్చింది. నేను సమాధి దగ్గరికి వెళ్ళలేదు, కాలు నొప్పి అని చెప్పాను. అది అబద్ధం. పూడ్చిన వారానికి కరుణమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. ఈసారి లోపల కుర్చీలో కూర్చోమన్నాను. సింధు నా పక్కన నిలబడింది.

"మా రూతు చెప్పేది పెద్దమ్మగారూ," అంది కరుణమ్మ. "సింధుకి పంపినప్పుడల్లా దానికి కూడా వేరే సీసా కట్టి పంపేవారంటగా. ‘నాకేం దిగులు లేదమ్మా, నాయనమ్మగారు మమ్మల్ని ఇద్దర్నీ ఒకటిగానే చూసిద్ది’ అనేది. ఆ మాట మీదే నేను నాలుగేళ్ళు నిబ్బరంగా ఉన్నా. మీకో దణ్ణం పెట్టి పోదామని వచ్చా."

సింధు నేల చూపులు చూస్తోంది. నేను ఊరుకుంటే ఊరుకోవచ్చు. కరుణమ్మ దణ్ణం పెట్టి వెళ్ళిపోయేది. ఈ పుస్తకంలో నా పేరు దయగల నాయనమ్మగా అచ్చయ్యేది. చనిపోయిన పిల్ల ఆడిన అబద్ధాన్ని నేను కప్పుకుని తిరిగేదాన్ని. ఆమె రెండు చేతులూ జోడించబోతుంటే పట్టుకుని ఆపాను. సీసా గురించి నేనన్న మాట, నేనన్న గొంతుతోనే మళ్ళీ చెప్పాను.

కరుణమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"కాటా దగ్గర నేనూ ఉన్నాగా. బొంత సంగతి చూశా. ఆ తరవాత పచ్చళ్ళు పంపుతున్నారని అది చెబితే, పెద్దావిడ మనసు మంచిదేలే, ఆ రోజు తొందర్లో అట్టా అయింది అనుకున్నా. అయితే అదీ లేదన్నమాట."

"లేదు," అన్నాను.

"అది సీసా పక్కన పెట్టుకుని కూడా తినలా."

"తినలా."

"నాకు చెప్పలా."

క్షమించమని అడిగాను.

"అది ఇప్పుడు అడగమాకండి," అంది. "నా దగ్గర లేదు. ఎప్పటికైనా వచ్చిద్దో లేదో తెలవదు. పుస్తకానికి మిమ్మల్ని కూడా రాయమన్నారంటగా. ఇదే రాయండి. అది ఎంత మంచిదో అందరూ రాస్తారు. ఎవరి దగ్గర అంత మంచిగా ఉండాల్సొచ్చిందో మీరు రాయండి. కూడికలో మీరే నిలబడి చదవండి."

సింధు ఆమెను బస్సు దాకా దింపి వచ్చి, ఆ రోజు నాతో అన్నం తినలేదు. నేను తినమని అనలేదు.

అందుకే రాశాను. రూతు కార్యదక్షతకూ, సంయమనానికీ, అడక్కుండా సాయపడే గుణానికీ సాక్షులు చాలామంది ఉన్నారు. ఆమె మౌనంగా మోసిన అవమానానికి సాక్ష్యం చెప్పవలసింది నేనే, చేసిందీ నేనే. కాళ్ళు నొప్పి అని, గాయమైందని, జ్వరమని వచ్చే ఎందరి దగ్గరికో మా పల్నాటి పల్లెల్లో కూర్చోవలసిన డాక్టరు ఆమె. ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. మరో పిల్ల డాక్టరై రావచ్చు. రూతు రాదు. ఆమె ముందు తలవంచుతున్నాను.

ఈ వ్యాసంలో ఆమె పేరు ఎన్నిసార్లు రాశానో చూసుకుంటే నాకే వింతగా ఉంది. ఆమె బతికి ఉన్న నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆమెను పేరు పెట్టి పిలవలేదు. వచ్చే ఆదివారం కూడికలో, ఆమె తల్లి ఎదుట నిలబడి, రూతు అని మొదటిసారి పైకి పలుకుతాను.