కొండ మీద మర్డీనా కేకలు

మర్డీనా గిలిస్‌కి కోపం ఎక్కువని స్కాట్లాండులోని మా ఊరు బల్లహూలిష్‌లో అందరికీ తెలుసు. చాలా ఏళ్ళు బడి బస్సు నడిపింది. ఎక్కాల్సిన పిల్లల్లో ఒక్కరు తగ్గినా బండి కదిలేది కాదు. ఆలస్యం చేసిన తల్లిదండ్రులకు మాత్రం ఆమె తిట్లు సాయంత్రం దాకా చెవుల్లో మోగేవి. భర్త పోయాక మా కొండనడక సంఘంలో చేరింది. ఆదివారం వచ్చిందంటే వానైనా గాలైనా మాతోనే ఉండేది.

ఆ ఆదివారం గ్లెన్‌కో లోయలో నిట్టనిలువు కొండొకటి ఎక్కుతున్నాం. ముందు స్ట్రూయన్ నడుస్తున్నాడు. సంఘానికి కొత్తగా పెద్ద అయ్యాడు, పిక్కబలం ఉన్నవాడు. అందరికంటే వెనక లాక్లన్. డెబ్భై దాటిన తాపీమేస్త్రీ, పైగా మోకాళ్ళ నొప్పులు. ఆయన ఆయాసపడుతుంటే స్ట్రూయన్ వెనక్కి తిరిగి, "తాతా, శిఖరం కిందికి దిగి రాదు! నువ్వే పైకి రావాలి!" అని అరిచాడు. కొందరు నవ్వారు. లాక్లన్ కూడా నవ్వాడు. మర్డీనా నవ్వలేదు.

శిఖరం చేరేసరికి పొగమంచు కమ్మేసింది. రాళ్ళ చాటున కూర్చుని ఓట్స్ బిళ్ళలూ జున్నూ తింటున్నాం. లాక్లన్ ఇంకా రాలేదు.

"పదండి, అవతలి వైపు దిగిపోదాం," అన్నాడు స్ట్రూయన్.

"లాక్లన్ ఏడీ?" అంది మర్డీనా.

"ఎప్పుడో వెనక్కి తిరిగి కార్ల దగ్గరికి పోయుంటాడులెండి."

"పోయుంటాడా? పోతుంటే నువ్వు చూశావా?"

"ఆయనేమన్నా పసిపిల్లాడా? వాన ముంచుకొస్తోంది."

"నీ కుక్క తప్పిపోతే ఇలాగే వదిలేసి పోతావటయ్యా? పొద్దున నీ వెంట వచ్చిన మనిషిని మంచులో పారేసి, టీ చల్లారుతుందన్నట్టు పరిగెడతావేం?"

"నోరు పారేసుకోకండి మర్డీనా."

"ఇంకా మొదలే పెట్టలేదు!"

ఆమె వచ్చిన దారినే దిగడం మొదలుపెట్టింది. నేనూ, మందుల కొట్టు ఇషబెల్ ఆమె వెంట వెళ్ళాం. మిగిలినవాళ్ళు తలలు దించుకుని స్ట్రూయన్ వెనక నడిచారు.

తడి రాళ్ళు కాళ్ళ కింద జారుతున్నాయి. మర్డీనా "లాక్లన్!" అని ఒక కేక వేసేది, వెంటనే స్ట్రూయన్‌ని ఒక తిట్టు తిట్టేది. చివరికి దారికి దిగువన వాగు పక్క నుంచి సన్నగా జవాబొచ్చింది. కాలు జారి పడ్డాడట. చీలమండ బూటులోంచి ఉబికి వస్తోంది. పెదాలు నీలంగా మారాయి.

"ఆపదకని మెళ్ళో వేసుకున్న ఈల ఎందుకు ఊదలేదు?" అని గద్దించింది మర్డీనా.

ఆయన నేలచూపులు చూశాడు. "ఊదితే ఇంకెప్పుడూ నన్ను రానివ్వరుగా."

"సిగ్గులేని మనిషీ! చస్తే మాత్రం రానిస్తారా?" తన కోటు విప్పి ఆయనకు కప్పింది. ఫ్లాస్కులోని టీ పోసి తాగించింది. తిట్లు ఆగలేదు.

ఇషబెల్ ఫోను పనిచేసే చోటికి ఎక్కి కబురు చెప్పింది. కొండ రక్షణ దళం వాళ్ళొచ్చి ఆయన్ని స్ట్రెచర్ మీద కింద పబ్బు దాకా దించారు; అక్కడ అంబులెన్సు ఆగి ఉంది.

పబ్బు లోపల స్ట్రూయన్ నిప్పు దగ్గర కూర్చుని సూప్ తాగుతున్నాడు. "దొరికాడుగా? ఏం కాదని ముందే చెప్పాను," అన్నాడు.

"ఏం కాకపోవడం నీ గొప్పా?" అని అరిచింది మర్డీనా. "లే! బయటికొచ్చి ఆ మాట ఆయన మొహం మీద చెప్పు!" చొక్కా చెయ్యి పట్టి లాక్కుపోయింది. అంబులెన్సు దగ్గర, వానలో, స్ట్రూయన్ నీళ్ళు నమిలాడే గానీ తప్పయిందన్న మాట అనలేదు. లాక్లన్ మొహం తిప్పుకున్నాడు.

తర్వాత జరిగిన సమావేశంలో స్ట్రూయన్‌ని తప్పించమని మర్డీనా పట్టుబట్టింది. ఎక్కువ చేతులు అతని వైపే లేచాయి. ఆమె కుర్చీ తన్ని బయటికి నడిచింది. ఆమెతో పాటు మేం కొందరం వచ్చేశాం.

లాక్లన్ కాలు మానాక ఇప్పుడు మేం వేరుగా నడుస్తున్నాం. ముందు ఆయనే, ఆయన అడుగే మా అడుగు. చాలాసార్లు శిఖరం అందదు. "నన్ను ముందు పెట్టి ఊరేగిస్తారేంటి, నేనేమన్నా పెళ్ళికొడుకునా?" అని ఆయన రుసరుసలాడతాడు. "నోర్మూసుకుని నడువు," అంటుంది మర్డీనా.

మొన్న రొట్టెల కొట్లో స్ట్రూయన్ తనే ముందుగా ఆమెను పలకరించాడు. ఆమె రొట్టె అందుకుని, అతని కాలు తొక్కినంత దగ్గరగా దాటుకుంటూ వెళ్ళిపోయింది.