గుర్రం దిగి విమానం ఎక్కిన నాన్న

ఐర్లండ్‌లోని స్లైగోలో నేను నర్సుగా పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక పెద్దావిడ ఉంటారు. తొంభై దాటినా నిటారుగా కూర్చుంటారు. ఒకరోజు ఆవిడ జుట్టు దువ్వుతూ, "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగాను.

"వ్యవసాయం," అన్నారు. మళ్లీ తనే, "అంతకుముందు యుద్ధవిమానం నడిపాడు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు," అన్నారు.

ఆ తర్వాత రోజూ కొంత కొంత చెప్పారు. వాళ్ల నాన్న కుర్రతనంలోనే బ్రిటిష్ సైన్యపు అశ్వికదళంలో చేరారు. మొదటి ప్రపంచయుద్ధానికి ఫ్రాన్సుకు పంపారు. అక్కడ ముళ్లకంచెలు, కందకాలు, మరతుపాకులు. గుర్రం పరుగెత్తే చోటే లేదు. మేత వేస్తూ, డెక్కల బురద కడుగుతూ విసిగిపోయి, పైలట్లు కావాలనగానే పేరిచ్చారు. పగ్గాలు సుతారంగా పట్టే చెయ్యి విమానానికీ పనికొస్తుందని శిక్షకులు మెచ్చుకున్నారట.

ఒకసారి గాల్లో పోరాడుతుండగా ఇంజను ఆగిపోయింది. కింద కందకం.

"నాన్న భయపడి విమానం ముక్కు పైకెత్తలేదు. కిందికే పోనిచ్చి, వేగం అందుకున్నాక పైకి లాగాడు. గుర్రాన్ని కంచె దాటించినట్టే కందకం దాటించాడు!" అని ఆవిడ చేతులతో చేసి చూపించారు. చక్రాలు విరిగినా ఆయన నడిచి వచ్చారు. మర్నాడే మళ్లీ ఎగిరారు.

యుద్ధం ముగిసి ఇంటికొచ్చేసరికి ఐర్లండ్ బ్రిటిష్ పాలనపై తిరగబడుతోంది. ఆ యూనిఫాం వేసుకున్నవాణ్ణి ఊరు పరాయివాడిలా చూసింది. ఆయన నోరు విప్పలేదు. గుర్రపుశాలలో కూతురికి మాత్రం చెప్పేవారు.

కిందటేడాది ఊరి చరిత్ర బృందం మా వృద్ధాశ్రమానికొచ్చి, ఆ యుద్ధానికి వెళ్లిన స్థానికుల గురించి మాట్లాడింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నన్ను ముందుకు తీసుకెళ్లు," అన్నారు.

"మీకు ఇబ్బంది కాదు కదా?"

"నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?"

వీల్‌చెయిర్ తోసి పక్కనే నిలబడ్డాను. మొదట ఆవిడ మాట తడబడింది. విమానం సంగతికొచ్చేసరికి నిలదొక్కుకుంది. అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకుని విన్నారు. చివరికి ఒక రైతు లేచి, టోపీ తీసి, "మా తాత కూడా వెళ్లాడు. మా ఇంట్లోనూ ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. థాంక్యూ," అన్నాడు.

గదికొచ్చాక, "ఎలా చెప్పాను?" అని అడిగారు.

"గ్రాండ్," అన్నాను, బాగుందనడానికి ఇక్కడివాళ్లు అన్నట్టే.

ఇంటికెళ్లి ఆ కథ మా అమ్మాయికి చెప్తుంటే నా గొంతు దానంతటదే పెరిగింది. "వాజ్ హీ యువర్ గ్రాండాడ్, మమ్?" అంది అది, ఐరిష్ యాసలో.