మొదటి పేరు

శివలీలకు పరిశోధన పేపర్లు రాయడం కొత్త కాదు. సచివాలయంలో ఇచ్చిన అర్జీ ఎక్కడ ఆగిపోతుంది, పింఛను కోసం ముసలమ్మలు ఎందుకు మళ్లీ మళ్లీ తిరగాల్సి వస్తుంది, ఇలాంటివి పత్తికొండ చుట్టుపక్కల ఊరూరా అడిగి తెలుసుకుని రాసి పంపితే, జర్నల్ వాళ్లు తిప్పి పంపినవి తక్కువ. కర్నూలులో ఒక కాలేజీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ విభాగం, అందులో ఆమె లెక్చరరు. తల నెరిసింది గానీ ఉద్యోగం ఇంకా కాంట్రాక్టే.

ఆ విభాగంలో పేపరు ఎవరు రాసినా హెడ్డు రంగస్వామి సారు పేరే ముందుంటుంది, పెళ్లిపత్రిక మీద ఇంటి పెద్దాయన పేరు వేసినట్టు. అలా వేయమని ఆయన ఏనాడూ అడగలేదు పాపం. అడిగే అవసరం రానిస్తేగా ఈ మహాతల్లి! మొదటి పేపరు తనే టైపు చేసి తీసుకుపోయి, "మీ పేరే ముందుండనీ సార్, నాకింకా శానా టైముండాది" అంది. "మంచిదానివమ్మా" అన్నారాయన. ఆ ఒక్క మాటకే పొంగిపోయింది. తర్వాత రాసినవన్నీ అదే దారిన పోయాయి.

పోయినసారి పర్మినెంటు పోస్టు ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి ఆ పేపర్లన్నీ తిరగేసి, "ఇవన్నీ రంగస్వామిగారి పరిశోధనలు కదమ్మా, ఇందులో మీరు చేసిందేమిటి?" అని అడిగాడు. రంగస్వామి సారు ఆ బల్లకు అవతలే కూర్చుని టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయారు. శివలీల తన ఫైలు సర్దుకుని లేచి వచ్చేసింది. బస్సులో ఇంటికి పోతూ ఏడుద్దామనుకుంటే ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది.

ఈ ఏడు మళ్లీ ఇంటర్వ్యూ. వయసు మీరకముందు ఇదే ఆఖరుది. మొదటి పేరు తనదిగా ఒక్క పేపరన్నా ఉండాలట. సరిగ్గా అప్పుడే ఒక పేపరు తయారైంది. సారు దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న భువన ఆత్మకూరు వైపు ఊళ్లన్నీ ఎండలో తిరిగి, రేషను పంపిణీ మీద రాసింది. శివలీల ఆదివారాలు కూర్చుని దిద్దింది. కాగితం మీద మాత్రం ఎప్పటిలాగే సారు పేరు ముందుంది.

అది చూసి శివలీల కొంగు దోపుకుని సారు గదికి పోయింది. ఇన్నేళ్లుగా కడుపులో దాచుకున్న మాటలన్నీ అనేయాలనుకుంది.

"సార్, ఈసారి మీ పేరు కడాన పెడతాం."

"దానికేముండాది, పెట్టుకోమ్మా. ముందు ఎవరిదో మీరిద్దరే చూసుకోండి," అని ఆయన మళ్లీ ఫోన్లోకి తల దించారు.

అంతే. ఇంతేనా ఇది? ఒళ్లు మండిపోయింది ఆమెకు. తన గదికి వచ్చేసరికి ఆ మంట కూడా చల్లారి, కాళ్లు పీకడం మొదలుపెట్టాయి.

"మీదే ముందు పెట్టండి మేడం," అంది అక్కడ కంప్యూటరు ముందు కూర్చున్న భువన, సారన్న మాట విని. "మీకు ఇంటర్వ్యూ ఉండాది కదా. నాకింకా శానా టైముండాది."

'మంచిదానివమ్మా' అనే మాట శివలీల నోటిదాకా వచ్చింది. కష్టపడి మింగింది. ఆ చోటు ఆమెకు కావాలి, నిజంగా కావాలి.

"ఊర్లు తిరిగింది ఎవరు?"

"నేనే మేడం."

"రాసింది?"

"నేనే. మీరు దిద్దినారు."

శివలీల కీబోర్డు తనవైపు లాక్కుని భువన పేరు ముందుకు చేర్చింది. తనది రెండోది, సారుది కడపటిది.

"మేడం, ఇంకోసారి ఆలోచన చేయండి."

"ఆలోచన చేసేకి ఏం లేదు. జల్దీ పంపు," అంది శివలీల, తెర మీంచి మొహం తిప్పుకుని. "ఇంకాసేపు చూసినానంటే నేనే మార్చేస్తా."