‘నీళ్లు చాలు’ అన్నారు, రాసేశాను

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. ఆదివారం నుంచి ఇక్కడ సూరత్‌లో వడోద్ పేట మీదుగా వెళ్లాల్సొస్తే ఆటో అతన్ని వేరే రోడ్డున పొమ్మంటున్నాను. ఎందుకో వినండి!

మీకు తెలుసుగా, పెళ్లికి ముందు బెజవాడలో పేపర్లో పనిచేశాను. మా ఆయనకి బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ అయి సూరత్ వచ్చాక చెయ్యి ఊరుకోలేదు. ఇక్కడి తెలుగువాళ్ల కోసం వాట్సాప్‌లో వార్తల గ్రూపు పెట్టాను. కరెంటు కోతలు, స్కూల్ అడ్మిషన్లు, బతుకమ్మ ఫొటోలు, అలాంటివి. చదివేవాళ్లలో ఎక్కువమంది కరీంనగర్ వైపు నుంచి వచ్చి మగ్గాల మీద పనిచేసేవాళ్లు. నా హిందీ సంగతి చెప్పనక్కర్లేదు. కూరగాయలు కొనగలను, బేరం ఆడలేను.

వడోద్‌లో ఒక సొసైటీ, అంటే ఇళ్ల సముదాయం ఉంది, అందరూ మనవాళ్లే. పొద్దున్నే కాసేపు నీళ్లొచ్చి ఆగిపోతాయి. కొత్త లైన్ కావాలని అందరూ మొత్తుకుంటున్నారు. ప్రెసిడెంట్ మల్లేశ్ గారు పవర్‌లూమ్‌లో నైట్ డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, మున్సిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. ఆ తిరుగుడు సంగతి నాకు తర్వాత తెలిసింది. ముందు తెలుసుకోవాల్సింది నేనే, అదీ నా ఖర్మ!

శనివారం అక్కడి ఆడవాళ్లతో మాట్లాడాను. “బిందె సగం గూడ నిండదక్కా” అన్నారు. సరే, రెండో పక్షం కూడా వినాలిగా! ఆ సాయంత్రం డ్యూటీ ఎక్కిన మల్లేశ్ గారికి ఫోన్ చేశాను. వెనక మగ్గాల మోత.

“నీళ్ల సంగతి ఏమైందండీ?” అని అరిచాను.

“నీళ్లు చాలు మేడం! ఇగ ఏం ఫికర్ లేదు!” అని ఆయనా అరిచి పెట్టేశారు.

నాకు ఒళ్లు మండింది. ఆడవాళ్లు బిందెలతో కొట్టుకుంటుంటే ఈయనకి చాలట! అయినా నేను నిష్పక్షపాతిని కదా, నా కోపం ఎక్కడా కనిపించకుండా హెడ్డింగ్ పెట్టాను: “ఉన్న నీళ్లు చాలు, దిగుల్లేదు: సొసైటీ ప్రెసిడెంట్.” ఆ ‘ఉన్న’ అనేది నేనే కలిపాను. వాక్యం నిండుగా ఉంటుందని!

ఇక చూస్కోండి, గ్రూపు అంటుకుంది. “ఆయన ముచ్చట పైన వెట్టి మాది కింద వెడ్తవా? నువ్వెవరి దిక్కు అక్కా?” అని ఒకావిడ. నేను ఊరుకుంటానా? “హెడ్డింగ్ ఒకరికి, స్టోరీ ఇంకొకరికి. దీన్నే బ్యాలెన్స్ అంటారు” అని పాఠం మొదలుపెట్టాను. రైల్వేలో రిటైరైన పెద్దాయన ఒకరు, “అమ్మా, ఆయన్ని ఇంకోసారి అడిగి చూడరాదూ?” అని రాశారు. “మాట మార్చుకునే అవకాశం ఇవ్వడం జర్నలిజం కాదండీ” అని జవాబిచ్చాను. ఆ మెసేజ్ ఇప్పుడు చూస్తే ఫోన్ మా బెజవాడ కాలవలో పారేయాలనిపిస్తుంది. ఇక్కడ ఆ కాలవ లేదు కాబట్టి తాపీ నదిలో!

ఆదివారం పొద్దున్నే సొసైటీవాళ్లు రమ్మన్నారు, తేల్చుకుందామని. మెట్ల కింద అందరూ గుమిగూడారు. నా భుజం పక్కనే మోటర్ స్విచ్. మోటర్ గుర్రుమంటోంది గానీ ఎవరూ పట్టించుకోలేదు, రోజూ ఉత్తినే తిరిగేదే కదా. అప్పుడే డ్యూటీ దిగిన మల్లేశ్ గారు ఎర్రటి కళ్లతో గోడకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్లావిడ లక్ష్మి ముఖం ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉంది. “పొద్దుగాల్ల సంది ఒక్కరన్న నాతోని మాట్లాడుతలేరు” అంది.

“ఇగ నాకొద్దీ ప్రెసిడెంట్‌గిరి. ఇంకెవర్నన్న వెట్టుకోండ్రి” అన్నారాయన.

నేను జాలిపడలేదు. “చాలు అన్నారా, లేదా? అది చెప్పండి” అని నిలదీశాను.

“అన్న. నీళ్లు చాలు అన్న. గందుకే గింత లొల్లేంది?”

“చూశారా! నేను రాసింది అక్షరాలా ఆయన మాటే!” అన్నాను, అందరి వైపూ గర్వంగా చూస్తూ.

సరిగ్గా అప్పుడే పైఅంతస్తు నుంచి ఎవరో కేక. “అన్నా, నీళ్లస్తున్నయే! మోటర్ చాలు! చాలు ఉండనీ!”

సాయం చేద్దామనుకున్నాను. నిజంగా సాయమే అనుకున్నాను. టక్కున స్విచ్ ఆపేశాను!

“బంద్ జేసిందెవడ్రా!” అంటూ తువ్వాలు కట్టుకున్న మనిషి తలనిండా సబ్బుతో, కళ్లు మూసుకునే మెట్లు దిగొచ్చాడు.

“చాలు ఉండనీమంటే బంద్ జేస్తివేంది మేడం?” అంది లక్ష్మి.

“చాలు అన్నాడుగా, ఆపొద్దా?”

“ఈడి హిందీల చాలు అంటే నడుస్తున్నట్టు! మిషన్ చాలు, మోటర్ చాలు, నీళ్లు చాలు...” అంటూ ఆగిపోయింది. సబ్బు మనిషిని చూస్తున్న వాళ్లందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు.

అప్పుడు తెలిసింది నాకు. ఆయన చెప్పింది మున్సిపాలిటీ వాళ్లు కొత్త లైన్‌లో నీళ్లు వదిలారని! అవి ఇక్కడిదాకా వచ్చేసరికి తెల్లారింది. ఇన్నాళ్ల తిరుగుడుకి ఫలితం దక్కిందని, ఆ సంతోషం పట్టలేక అరిచి చెప్పారు. నేను దానికి ‘ఉన్న’ అని తోక తగిలించి ఆయన పరువు తీశాను. భూమి చీలితే దూరిపోదును.

మల్లేశ్ గారు గోడ దగ్గర్నుంచి కదిలారు. వచ్చి స్విచ్ వేశారు. తిట్టి ఉంటే బాగుండేది. లక్ష్మి మాత్రం వదల్లేదు. “గీ ముచ్చట గూడ గ్రూపుల రాయి మేడం. పైన రాయి. కింద గాదు.”

పైనే రాశాను. ఆయన పేరూ, నా తప్పూ, రెండూ హెడ్డింగ్‌లోనే. గ్రూపులో అందరూ ఆయనకి దండాలు పెట్టారు, ప్రెసిడెంట్‌గా ఉండాలని పట్టుబట్టారు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. మర్నాడు ధైర్యం చేసి ఆయనకి ఫోన్ చేశాను. మళ్లీ మగ్గాల మోత.

“అన్నా, క్షమించు. ఇంత చేశాక ఈ వార్తలు ఉంచమంటావా, ఆపేయమంటావా?” అని అరిచాను.

“మీ వార్తలు చాలు మేడం!” అని అరిచి పెట్టేశారు.

రైల్వే పెద్దాయన సలహా గుర్తొచ్చింది. ఇంకోసారి అడుగుదామని ఫోన్ తీశాను. ధైర్యం చాలక పెట్టేశాను. ఆ రెండు అర్థాలనీ పైనా కిందా కాకుండా పక్కపక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లలో నేను నిజంగా బ్యాలెన్స్ పాటించిన వార్త ఇదొక్కటే!